జొన్నచేలల్లో అరుపు ఆగిన పూట

బడి ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. మా ఊళ్లో ఆడపిల్లలకు బడి లేదు. జొన్న కంకి పాలు పట్టాక మంచె ఎక్కి, వడిసెలతో రాళ్లు విసిరి, అరిచి పిట్టలు తోలడం, అదే మాకున్నది. ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. మంచె మీద మాత్రం నా గొంతు వినబడకపోతే పక్క చేను పిల్ల కేకేసి అడిగేది. ఆమె కూలివాళ్ల బిడ్డ, నాకంటే పెద్దది. మా గడప తొక్కకూడదు. మంచె మీద నుంచి అక్కా అంటే పలికేది. అదేం పద్ధతో ఏమో.

నిజాం మీదా దొరల మీదా తిరగబడ్డ సంఘం ఊళ్లోకి వచ్చాక మేం ఒక కట్టు పెట్టుకున్నాం. రజాకార్ల లారీ ఎవరికి ముందు కనబడితే వాళ్లు అరవడం ఆపాలి. పక్క పిల్ల ఎందుకని అడగకుండా తానూ ఆపాలి. చేలన్నీ మూగబోతే ఊరికి అర్థమయ్యేది.

తర్వాత నిజాం పని అయిపోయిందన్నారు. యూనియన్ సైన్యం వచ్చింది. సంఘంలో తిరిగే మా అన్న ఇక భయం లేదని ఇంటికొచ్చి పడుకున్నాడు. బాపు నాతో చెప్పాడు.

"గిప్పుడొచ్చేది మనోళ్లే. అరుసుడు ఆపకు, పంటంత పిట్టల పాలైతది."

పొద్దెక్కాక లారీలు కనబడ్డాయి. మనవాళ్లయితే తుపాకులు పట్టుకుని ఊరి చుట్టూ ఎందుకు దిగుతున్నారు? అన్న ఇంట్లో ఉన్నాడు. అరవాలా, ఆపాలా?

"అక్కా, గీళ్లు మనోళ్లేనా?"

"నాకేమెరుక? నీకే ముందుగాల కనవడ్డరు, నువ్వే జెప్పు."

చెప్పలేక నోరు మూసుకున్నాను. ఆమె మూసుకుంది. ఆ వెనక చేను, దాని వెనక చేను. చిలకలు దిగి కంకులు ఒలుస్తుంటే చూస్తూ కూర్చున్నాం.

సైన్యం వచ్చేసరికి అన్న మంచం ఖాళీ. ఒక జవాను మా అమ్మకు చేతులెత్తి మొక్కాడు. ఇంకొకడు అన్న కోసం గుమ్మిలో గింజలన్నీ కుమ్మరించాడు. ఇద్దరూ ఒకే లారీలో వచ్చినవాళ్లు.

సాయంత్రం బాపు చేనుకొచ్చి కంకులు చూశాడు.

"నిన్ను ఆపమన్నది ఎవలే?"

అక్క తన మంచె మీద నుంచే అందుకుంది.

"అందరం ఆపినం పటేలా. తిడితే అందర్ని తిట్టు. గా కొస మంచె దాక పోయేసరికి నీ గొంతే పోతది."

బాపు వంగి, రాలిన కంకులు ఏరుకున్నాడు.

అన్న బతికే ఉన్నాడని చాలా రోజులకు కబురొచ్చింది. ఆ రోజు వచ్చినవాళ్లు మనవాళ్లా కాదా అని, పెళ్లయ్యాక మా ఆయనను ఎన్నోసార్లు అడిగాను. ఆయన పోయేదాకా ఒకసారి అవునని, ఒకసారి కాదని చెప్పాడు. సైన్యం వచ్చిపోయిన మర్నాడు మాత్రం మంచె ఎక్కి, ఏం చేయాలో తోచక నిలబడ్డాను. పక్క మంచె నుంచి కేక వచ్చింది. నేనూ అందుకున్నాను.