చల్లటి ఇంజిన్ సాక్ష్యం

మా మామయ్య నోరు మంచిది కాదు. పోయి నాలుగు నెలలైంది కదా అని ఇప్పుడు మంచిదని రాస్తే, మొదట ఒప్పుకోనిది ఆయనే. వర్క్‌షాపులో అందరూ కలిసి ఆయనకి పెట్టిన పేరు పుల్లవిరుపు. ఎదుటివాడు నమస్కారం పెడితే "ఏం పాడైంది?" అని అడిగేవాడు. దర్జీ దుకాణం పైన ఒక్క గది అద్దెకు తీసుకుని ముప్పై ఏళ్లు ఒంటరిగా ఉన్నాడు. గదిలో ఒక మంచం, ఒక బల్ల, ఒకే కుర్చీ. రెండో కుర్చీ కొనవేంరా అని మా అమ్మ అడిగితే, కొంటే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారక్కా అన్నాడట. పెళ్లి మాటెత్తిన వాళ్లకీ దాదాపు అదే జవాబు.

మనుషుల దగ్గర అలా మిగుల్చుకున్న ఓర్పంతా ఇంజిన్ల దగ్గర ఖర్చుపెట్టాడు. ఖరీదైన పెద్ద బళ్లు మాత్రమే వచ్చే వర్క్‌షాపులో పందొమ్మిదేళ్లు పనిచేశాడు. చివరి పదేళ్లూ ఆయనకి ఒకే రకం ఇంజిన్ ఇచ్చేవారు: ఎనిమిది సిలిండర్లు, పైన సూపర్‌ఛార్జర్. ఒకసారి నేను అడిగితే రెండు అరచేతులూ ఏటవాలుగా చేర్చి చూపించాడు. ఇటు నాలుగు, అటు నాలుగు సిలిండర్లు, మధ్యలో లోయ, ఆ లోయ మీద కూర్చుని ఉండేది సూపర్‌ఛార్జర్. అది గాలిపంపు. బెల్టు పెట్టి ఇంజినే దాన్ని తిప్పుతుంది, అది బయటి గాలిని నొక్కి నొక్కి లోపలికి తోస్తుంది. గాలి ఎక్కువైతే ఇంకాస్త పెట్రోలు తగలెయ్యొచ్చు. అందుకే అంత బరువున్న బండి కూడా దూడలా గంతేస్తుంది. "కానీ దాన్ని మోసేదీ ఇంజినే, తిప్పేదీ ఇంజినే. భుజాలెక్కి కూర్చున్న అల్లుడికి అన్నం కలిపి పెడుతున్న మామ అన్నమాట," అన్నాడు. ఆయన నవ్వడం నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి.

ఆ ఇంజిన్‌కి ఏ రోగాలొస్తాయో ఆయనకి నిద్రలో లేపినా తెలుసు. సూపర్‌ఛార్జర్ కింద, ఎవరికీ కనబడని చోట, ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు ప్లాస్టిక్ గొట్టంలో పారతాయి. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి ఆ ప్లాస్టిక్ పెంకులా అయిపోయి అతుకు దగ్గర చిట్లుతుంది. కారిన నీళ్లు నేలమీద పడవు, వేడి లోహం మీదే ఆవిరైపోతాయి. యజమాని కిందకి వంగి చూసి, చుక్క లేదు కదా అనుకుని తిరుగుతుంటాడు, ఏదో ఒక రోజు నడిరోడ్డు మీద పొగ కక్కే దాకా. ఆ గొట్టం మార్చాలంటే సూపర్‌ఛార్జర్ మొత్తం విప్పాలి. సూపర్‌ఛార్జర్ ముక్కులో, బెల్టు ఊపుని లోపలికి అందించే స్ప్రింగున్న చిన్న కప్లింగ్ ఒకటుంటుంది. అది అరిగితే బండి నిలబడి ఉన్నప్పుడు రేకు డబ్బాలో గోళీలు ఆడించినట్టు చప్పుడు. వినడానికి భయంగా ఉంటుంది గానీ దానివల్ల ఇంజిన్ చావదు.

చంపేది టైమింగ్ చైన్, అంటే లోపలి భాగాలన్నిటినీ లయ తప్పకుండా తిప్పే గొలుసు. నూనె సరిగ్గా మార్చని ఇంజిన్లలో ఆ గొలుసుని బిగించి పట్టుకునే భాగాలు అరిగిపోతాయి, గొలుసు వదులవుతుంది. అది వదులైందని చెప్పే చప్పుడు మాత్రం రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ని మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే వస్తుంది. రెండు మూడు సెకన్లు, నూనె పైకెక్కే దాకా. ఆ తరవాత రోజంతా ఇంజిన్ పట్టులా నడుస్తుంది. అలా నడుస్తూ నడుస్తూనే ఒకనాడు గొలుసు పన్ను జారుతుంది, లోపల ఒకదానికొకటి తగలకూడనివి తగులుకుంటాయి, ఇంక ఇంజిన్ ఇనప సామానుకి కూడా దండగ. అందుకని మామయ్య ఏ ఇంజిన్‌నీ ముందు వినేవాడు కాదు. మొదట అరచెయ్యి వెనక్కి తిప్పి దానిమీద ఆనించేవాడు. వెచ్చగా ఉంటే "ఇది సాక్ష్యానికి పనికిరాదు, రేపు రమ్మనండి" అని వెళ్లిపోయేవాడు. ఇంత దూరం వచ్చాం కదా అని యజమానులు గొణిగితే వినిపించుకునేవాడు కాదు. ఏనుగుని కొంటారు, గడ్డి దగ్గర బేరమాడతారు అని వాళ్లమీద ఆయనకి మంట.

మా నాన్నకీ ఆయనకీ ఆరేళ్లు మాటల్లేవు. నాన్న తన పాత కారులో వేడి ముల్లు ఎర్రగీత దాటినా ఆపకుండా ఆఫీసు దాకా నడిపాడు, పక్కన పై అధికారి ఉన్నాడని. ఇంజిన్ తల వంకర తిరిగిపోయింది. దాన్ని విప్పిన రోజు నాన్న స్నేహితుల ఎదురుగానే మామయ్య అన్నాడు: "బావగారికి కారెందుకు, కుర్చీకి చక్రాలు పెట్టించండి, చాలు." నాన్న ఆ మాట మింగలేదు, కక్కలేదు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని మా అమ్మ ద్వారా మాట్లాడుకునేవారు. మీ తమ్ముణ్ణి ఫ్యాన్ వేయమను అని ఇటునుంచి, వేసే ఉందని చెప్పక్కా అని అటునుంచి. అమ్మ ఇద్దరికీ మోసి మోసి అలిసిపోయి వంటింట్లోకి వెళ్తే ఇల్లంతా నిశ్శబ్దం.

నాన్నకి పదోన్నతి వచ్చిన ఏడాది, వాడిన పెద్ద బండి ఒకటి కొంటానన్నాడు. ఊళ్లో అలాంటి బళ్లమ్మే చోట్లు ఎన్నో ఉన్నా, సరిగ్గా మామయ్య పనిచేసే చోటికే వెళ్లాడు. బావమరిది చూస్తుండగా తాళం పుచ్చుకోవాలని ఆయన కోరిక. వాడిన బండిని అమ్మేముందు ఇంజిన్ బాగుందని మామయ్య ఒక కాగితం మీద సంతకం చేయాలి, అది అక్కడి పద్ధతి. నాన్న మెచ్చుకున్న నల్లబండి కాగితం మీద మామయ్య సంతకం చేయలేదు. "చల్లటి ఇంజిన్‌లో చైన్ చప్పుడు. అమ్మకూడదు," అని రాశాడు.

మేనేజరు ఆ సంగతి నాన్నకి చెప్పిన తీరు వేరు. మీ బావమరిది ఒప్పుకోవట్లేదు సార్, కప్లింగ్ చప్పుడుని పట్టుకుని పెద్దది చేస్తున్నాడు, మీ ఇద్దరి మధ్యా ఏదైనా ఉందేమో మాకేం తెలుసు అన్నాడు. నాన్నకి కావలసింది సరిగ్గా అదే. కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నాడు అని ఇంట్లో రెండు రోజులు అదే పాట. మూడో రోజు మేనేజరే దారి చూపించాడు: బండిని రాత్రంతా లోపలే నిలబెడతాం, పొద్దున్నే మీ ఎదురుగా స్టార్ట్ చేద్దాం, చప్పుడు లేకపోతే మీ బావమరిది కాగితం దిద్దుతాడు, దిద్దకపోతే మాకతను అక్కర్లేదు.

ఆ పొద్దున నాన్న వెంట నేనూ వెళ్లాను. డిగ్రీ చివరి ఏడాది నాకు, కాలేజీకి దారి అటే. సిమెంటు నేల కడిగి ఇంకా ఆరలేదు. మామయ్య మాకంటే ముందే వచ్చి బండి దగ్గర నిలబడి ఉన్నాడు. బానెట్ ఎత్తి, ఎప్పటిలాగే చెయ్యి వెనక్కి తిప్పి ఆనించాడు. అలాగే కాసేపు ఉంచేసి, ఆరేళ్లలో మొదటిసారి నాన్నతో నేరుగా మాట్లాడాడు.

"బావా, చెయ్యి పెట్టి చూడు. రాత్రంతా నిలబడ్డ ఇంజిన్ ఇంత వెచ్చగా ఉండదు. తెల్లవారుజామున ఎవరో నడిపారు."

నాన్న చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉందని ఆయన మొహంలోనే తెలిసింది. అయినా, "నువ్వే కెలికుంటావు," అన్నాడు.

"చప్పుడుందని మొత్తుకునేది నేను. దాన్ని దాచడానికి నేనే వేడి చేస్తానా?"

"నీ తిక్క నాకేం తెలుసు."

మేనేజరు తాళం తిప్పాడు. ఇంజిన్ పిల్లిలా గుర్రుమంది, మరే చప్పుడూ లేదు. మేనేజరు కాగితం చాపితే మామయ్య దానివంక చూడలేదు. బండిని ఇంటికి తీసుకెళ్లు, తాళం నీ దిండు కింద పెట్టుకో, పొద్దున్నే నువ్వే స్టార్ట్ చెయ్యి, నన్ను పిలవక్కర్లేదు అన్నాడు నాన్నతో. డబ్బు కట్టని బండి బయటికి ఎలా ఇస్తాం అని మేనేజరు నసిగాడు. నాన్న మొండికేశాడు. మామయ్య మాట నిజమేమో అన్న అనుమానంతో కాదు, అది అబద్ధమని నలుగురికీ చూపించాలని. చివరికి బండిని రెండు రోజులు ఇంట్లో ఉంచుకోవడానికి అనుమతి దొరికింది.

మర్నాడు నాన్న బనియన్‌తోనే బయటికొచ్చి బండెక్కాడు. నేను గోడవారగా పళ్లు తోముకుంటున్నాను. అమ్మ చేటలో బియ్యం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. తాళం తిప్పగానే ఇనప బకెట్‌లో గొలుసు వేసి ఎవరో ఈడ్చినట్టు గరగరమంది. మూడు సెకన్లు ఉందేమో. తరవాత మెత్తబడిపోయింది. నాన్న ఆపేసి మళ్లీ స్టార్ట్ చేశాడు, ఈసారి ఏమీ లేదు. కిటికీలోంచి మావైపు చూసి, "ఏం లేదు కదా?" అన్నాడు.

"మొదటిసారి వచ్చిందిగా," అంది అమ్మ.

నాన్న బండి దిగి లోపలికెళ్లిపోయాడు. రెండో పొద్దున మాకంటే ముందే లేచి, చప్పుడు కాకుండా తలుపు తీసుకుని వెళ్లాడు. పక్కమీద ఉండగానే నాకు ఆ గరగర వినబడింది. మొదటిరోజు కంటే ఇంకాస్త ఎక్కువసేపు. ఆ పూటే బండి తిరిగిచ్చేద్దాం పద అన్నాడు నాతో. దారి పొడుగునా రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. దెబ్బతిన్నది ఆయన పంతం, బండి కాదు కదా.

మేనేజరు గదిలో మెత్తటి పెద్ద సోఫా, గాజు బల్ల. నాన్న తాళం ఆ బల్లమీద పెట్టాడు. మేనేజరు మామయ్యని పిలిపించాడు. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గరే ఆగాడు, లోపలికి వస్తే తివాచీకి మరకవుతుందని. ఆయన ఉద్యోగమంతా నాన్న చెప్పబోయే ఒక్క ముక్కలో ఉందని ఆ గదిలో నలుగురికీ తెలుసు.

మీ బావమరిది చెప్పిన చప్పుడు వచ్చిందా సార్ అని అడిగాడు మేనేజరు.

"చప్పుడా? అబ్బే," అన్నాడు నాన్న. "మా ఆవిడకి రంగు నచ్చలేదు."

మామయ్య నావైపు చూశాడు. అడుగుతున్నట్టు కాదు, ఊరికే చూశాడు. నేను విన్నానని ఆయనకి తెలుసు. నాన్న ముందు నడుస్తుంటే, చప్పుడొచ్చిందన్న మాట షెడ్డు దగ్గర నేనే ఆయన చెవిలో వేశాను. ఆ క్షణంలో నేను గాజుబల్ల మీది తాళం వంక చూస్తూ కూర్చున్నాను. నాన్న మోచెయ్యి నా మోచేతికి తగులుతూనే ఉంది.

మేనేజరు కాగితం ముందుకు తోశాడు. చప్పుడు లేదని రాసి సంతకం పెట్టేయ్, పందొమ్మిదేళ్లుగా ఇక్కడున్న మనిషివి, జరిగిందేదో జరిగిపోయింది, రేపు మామూలుగా పనిలోకి రా అన్నాడు. మాట మర్యాదగానే ఉంది.

"ఇది ఇంకెవరికో అమ్ముతారు," అన్నాడు మామయ్య. "దాన్లో పిల్లల్ని ఎక్కించుకుని పోతారు వాళ్లు. పెద్ద రోడ్డు మీద ఇంజిన్ బిగుసుకుపోతే వెనకొచ్చే లారీ వచ్చి ఎక్కుతుంది. నా పేరుతో అమ్మొద్దు."

"పేరుదేముందయ్యా, ఇంకొకడు పెడతాడు."

"పెట్టించుకోండి."

అంతే. నాన్నతో సహా అక్కడున్న అందరం ఆయన అరుస్తాడనే అనుకున్నాం. తిట్టే సందర్భాలు వెతుక్కునే మనిషికి ఇంత పెద్ద సందర్భం దొరికింది. ఆయన వెనక్కి తిరిగి షెడ్డులోకి వెళ్లిపోయాడు. గాజుగోడ అవతల ఆయన తన సొరుగులు ఖాళీ చేయడం కనబడుతూనే ఉంది. వర్క్‌షాపువి ఒక పక్క, తన సొంతవి ఒక పక్క. ఒక స్పానర్ ఎవరిదో తేలక రెండుసార్లు చేతులు మార్చి, చివరికి వర్క్‌షాపు వైపే పడేశాడు.

బండి తిరిగిచ్చినట్టు రశీదు రావడానికి అరగంట పట్టింది. నాన్న సోఫాలో కూర్చుని వాళ్లిచ్చిన కాఫీ తాగుతున్నాడు. పని మానేసేవాళ్లు పెట్టె మేనేజరుకి చూపించి ఆ గదిలోంచే బయటికి వెళ్లాలి. మామయ్య పనిముట్ల పెట్టెని చక్రాల బండిమీద పెట్టుకుని తోసుకుంటూ వచ్చాడు. దారిలో నాన్న కాళ్లు అడ్డంగా చాపి ఉన్నాయి. మామయ్య ఆగాడు. తప్పుకోమని అడగలేదు.

నాన్న కప్పులోంచి తలెత్తకుండా కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. చక్రాల బండి వెళ్లాక మళ్లీ చాపుకున్నాడు.