నాగపూర్ సీటు

మహారాష్ట్రలో భద్రావతి దగ్గరి బొగ్గు గనిలో పోశంది ఇరవై ఆరేళ్ల సర్వీసు. మొదటి షిఫ్టు దిగి నాలుగింటికి క్వార్టరు చేరేసరికి కనురెప్పల అంచుల్లో బొగ్గు కాటుకలా మిగిలి ఉంటుంది. ఎంత కడిగినా పోదు. అలసటా అంతే, ఆదివారాలు కూడా ఒంట్లోనే ఉంటుంది.

ఆ రోజు కూతురు తిరుమల ఫోను పట్టుకుని గడపలో కూర్చుని ఉంది. నాగపూర్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఐదింటిలోపు ఒప్పుకోకపోతే పోతుంది. చంద్రపూర్‌లో అయితే ఫైనాన్స్ డిగ్రీ చదవొచ్చు.

"ఎటు పోయినా ఆఖరికి ఎంబీఏనే గద బాపూ. ఏది తీసుకోవాలె?"

పక్క క్వార్టరు విజయ్‌కుమార్ గోడ మీదుగా తొంగిచూశాడు. "గిది సుత అడుగుతరా? ఇంటర్వ్యూల ఇంజనీర్లకే కుర్చీ ఏస్తరు!"

"నీ కొడుకు ఇంజనీరై మూడేండ్లాయె. ఏ కుర్చీ ఏసిండ్రన్నా, నీ బండెనక సీటా?" లోపలి నుంచి పోశం భార్య దుర్గమ్మ అంది.

పోశం నవ్వలేదు. నా బిడ్డ ఇంజనీరైతదని రెండేళ్లుగా గనిలో అందరికీ చెప్పుకున్నాడు. ఈ చదువుల తేడా అతనికి తెలియదు. తెలిసింది ఒక్కటే. నలుగురు కిందికి వెళ్లకముందు గని పైకప్పును గడ్డపారతో తట్టి చెవి పెట్టడం. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల విడిపోయిన రాయి ఎండిన సొరకాయలా డొల్లగా పలుకుతుంది.

"ఇంజనీరింగ్‌ల ఏం చదువుతవో చెప్పు బిడ్డా."

తిరుమల నాలుగు సబ్జెక్టుల పేర్లు చెప్పింది. రెండేళ్ల కోచింగ్ దుమ్ము ఆ గొంతు మీద పేరుకుని ఉంది.

"మరి రెండోది?"

"లక్కడ్‌కోట్ ఊర్ల మామ పత్తికి సేటు పొద్దుగాల ఒక రేటు చెప్తడు, మాపటికి ఒకటి. ఎందుకు మారుతది, ఎవలు మారుస్తరు, గది తెలుస్తది బాపూ. మామ అడిగితే నాకు చెప్పరాలె..."

పోశం కళ్లు మూసుకుని విన్నాడు. ఈ గొంతూ అలసిందే. కానీ డొల్ల కాదు.

"నాగపూర్‌ది ఇడిచిపెట్టు."

"ఆగు పోశం! రేపు ఎంబీఏ రాకుంటె?" విజయ్‌కుమార్ అరిచాడు.

"రాకుంటె రాకపాయె. నచ్చిన సదువన్న చేతుల ఉంటది."

"అందరికీ ఇంజనీరని చెప్పినవ్ గద బాపూ," తిరుమల మెల్లగా అంది.

"చెప్పిన. రేపు హాజరీ కాడ నవ్వుతరు. నవ్వనీ."

ఆమె వేలు తెరపై చాలాసేపు నీడలా ఆగింది. తర్వాత వద్దన్న గుర్తును నొక్కింది. సీటు వెళ్లిపోయింది, చప్పుడేమీ లేకుండా.

"తప్పయితే, బాపూ?"

దుర్గమ్మ అన్నం తెచ్చేసరికి పోశం గోడకు ఆనుకుని నిద్రపోయాడు. తిరుమల లేపబోయి ఆగింది. చంద్రపూర్ కాలేజీ ఫారం తెరిచి, తన పేరు నింపడం మొదలుపెట్టింది.