మూడో భాషకు మనిషిని చూపించిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని మంగళవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిలో ఉన్నాను. కొరియా ఇంజనీరు చెప్పేది మనవాళ్లకు తెలుగులో, మనవాళ్లు అడిగేది ఆయనకు కొరియన్‌లో చెప్పడం నా ఉద్యోగం. ఫోన్ పెట్టేసి వచ్చి, మిగిలిన నాలుగు మాటలూ తప్పు లేకుండా చెప్పేసి, ఆ తర్వాతే సెలవు అడిగాను. దీనిది రాతిగుండె అనుకోకండి. పని మధ్యలో వదిలేసి వస్తే ముందు తిట్టేది పెద్దమ్మే.

ధర్మవరంలో ఆమెది మగ్గం ఇల్లు. పెదనాన్న నేసేవాడు. ఆమె రాట్నం మీద పట్టుదారాన్ని కండెలకు చుట్టేది, వచ్చినవాళ్లకు చీరలు విప్పి చూపించేది. విప్పిన చీరను మళ్లీ మడత పెట్టేదాకా కొనేవాళ్ల మొహం వైపు చూసేది కాదు. "చూస్తే మొగమాటానికి కొంటారు, ఇంటికి పోయి తిట్టుకుంటారు" అనేది. చదివింది ఐదో తరగతి, మాట్లాడేది మూడు భాషలు.

నా సంగతి వేరు. హిందూపురంలో డిగ్రీ ముగించి ఏడాది పాటు ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. బడిలో హిందీ రెండుసార్లు తప్పాను. గట్టెక్కే మార్కులు తక్కువని అందరూ ధైర్యంగా రాసే పరీక్ష అది. దాంతో నాకు భాషలు రావని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. అప్పుడే ఒక శిక్షణ కేంద్రం కొత్త భాషలు నేర్పి ఉద్యోగాలకు పంపుతోందని తెలిసింది. ఒక మనిషికి ఒకే భాష. మధ్యలో మానేస్తే మళ్లీ చేర్చుకోరు. నాకు కనబడుతున్న దారి అదొక్కటే. అప్లికేషన్ పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను.

రాసిందంతా పైకి చదవమంది. 'తెలిసిన భాషలు' అన్నచోట 'తెలుగు' అని చదివి ఆగాను.

"కన్నడం యాడ పోయింది?" అంది.

"అదేం భాష పెద్దమ్మా, మా ఊళ్లో అందరికీ వస్తుంది కదా."

"అందరికీ వస్తే నీకు రానట్టా? మడకశిర అంగట్లో బేరం చేసేది ఏ బాసలో? మీ అవ్వతో కొట్లాడేది ఏ బాసలో? రాయి మే!"

కర్ణాటక అంచున ఉన్న మా వైపు వాళ్లం అందరమూ చేసే తప్పే ఇది. కన్నడం ఎప్పుడు నేర్చుకున్నామో గుర్తుండదు కాబట్టి, నేర్చుకున్నట్టే లెక్కపెట్టం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికే బాపతు. ఆమె ఎదురుగా కూర్చుని రాయించింది. రెండు భాషలు వచ్చిన మనిషినని ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలిసింది.

మూడోదిగా ఏది ఎంచుకోవాలన్నది అసలు ప్రశ్న. తమిళం అన్నాను. మన మాటలకు దగ్గర, అదే సులువని అందరూ చెప్పారు. పెద్దమ్మ కాదనలేదు.

"సరే. దినామూ ఎవురితో మాట్లాడతావు?"

నాకు తెలిసి తమిళం మాట్లాడేవాళ్లు మా చుట్టుపక్కల ఒక్కరూ లేరు.

"ఎదురుగా మనిషి లేని బాస యాడిది సులువు?" అంది.

పెద్దమ్మ ఉర్దూ నేర్చుకున్నదీ అలాగే, ఎదురింటామె దగ్గర. మేము ఆమెను ఖాలా అంటాం, పిన్ని అన్నట్టు. ఇద్దరూ రాట్నాలు ఎదురెదురుగా వేసుకునేవాళ్లు. ఒక కండె నిండేదాకా ఉర్దూ, ఇంకో కండె నిండేదాకా తెలుగు. మాట దొరక్కపోయినా రాట్నం ఆగేది కాదు. కళ్లతోనో తలతోనో చూపించి ముందుకు పోయేవాళ్లు. వ్యాకరణం ఇద్దరికీ తెలియదు. అయినా ముప్పై ఏళ్లు ఒకరి కష్టం ఒకరికి చెప్పుకున్నారు.

అప్పటికే కార్ల ఫ్యాక్టరీ పుణ్యమా అని పెనుకొండలో కొరియన్ అక్షరాల బోర్డులు వెలిశాయి. అక్కడ కాపురమున్న ఒక కొరియా ఇంజనీరు భార్య చీరలు చూడటానికి పెద్దమ్మ ఇంటికి వస్తూండేది. మేమంతా మేడమ్ అనేవాళ్లం. ఆమె కొనేది తక్కువ, మగ్గం పక్కన కూర్చునేది ఎక్కువ.

"ఆ యమ్మకు ఈడ మాట్లాడేదానికి మనిషి లేదు. నీకు నేర్పేదానికి మనిషి లేదు. ఇంగేం కావల్ల?"

"ఆ అక్షరాలు చూశావా? నేను పలికితే నవ్వుతుంది పెద్దమ్మా."

"నవ్వనీ. నవ్వినోళ్లే కూసోబెట్టి నేర్పిస్తారు."

తమిళం కొట్టేసి కొరియన్ అని రాశాను.

ప్రతి ఆదివారం హిందూపురం నుంచి పెనుకొండలో దిగి, మేడమ్‌ను వెంటబెట్టుకుని ధర్మవరం బస్సెక్కేదాన్ని. మాకూ పెద్దమ్మ కండెల పద్ధతే పెట్టింది. చుట్టేది ఆమె, మాట్లాడేది మేమిద్దరం. నా కొరియన్‌కు మేడమ్ పకపకా నవ్వేది, ఆమె తెలుగుకు నేనూ నవ్వేదాన్ని. తప్పులు మాట్లాడినా వచ్చే వారం నాకోసం ఎదురుచూసే మనిషి ఉండటమే కొరియన్‌లోని సులువు. పుస్తకం అంత సులువుగా లేదని ఒప్పుకుంటాను.

శిక్షణ ముగిసింది, ఉద్యోగం వచ్చింది. నా పని నేను బాగా చేస్తానని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. పెద్దమ్మ మాత్రం ఒక్కసారీ మెచ్చుకోలేదు. "నాకు వచ్చినట్టేనా?" అని అడిగితే, "నాకేం తెలుస్తాది, ఆ యమ్మను అడుగు" అనేది. ఆ ఒక్కటీ నాకు లోపల గుచ్చుకుంటూనే ఉండేది.

పెద్దమ్మ పోయిన పదకొండో రోజున మేడమ్ వచ్చింది. ఇంటినిండా చుట్టాలు. ఖాలా పక్కన చాప మీద కూర్చుని, కాసేపటికి నాతో కొరియన్‌లో చెప్పడం మొదలుపెట్టింది.

"ఏమంటాంది?" అంది అమ్మ.

చెప్పాలి కదా, అదే నా ఉద్యోగం. నేను ఖాలా ఇంటికి వెళ్లినప్పుడల్లా పెద్దమ్మ మేడమ్ దగ్గర ఒకే ఒక్క కొరియన్ వాక్యం నేర్చుకుందట. నాలుగు ఆదివారాలు పట్టిందట. చివరిసారి తప్పు లేకుండా అడిగిందట.

"ఏమడిగింది?"

"'మా పాప బాగా మాట్లాడతాందా?' అని."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దానికి ఈ యమ్మ ఏమని చెప్పింది?" అని ఖాలా అడిగింది.

ఆ ప్రశ్నను నేను కొరియన్‌లోకి మార్చేలోపే మేడమ్ ఆమె వైపు తిరిగి, "శానా బాగా" అంది.

ఖాలా ఆమె చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. ఏడుస్తూనే ఇద్దరూ తెలుగులో ఏదో చెప్పుకుంటున్నారు. నేను గోడకు ఆనుకుని కూర్చుని వింటూ ఉండిపోయాను.