మూడంతస్తుల కేకుతో చల్లపల్లి బస్సులో

1998 మే నెలలో ఒక గురువారం, తెల్లవారి ఐదున్నరకి మూడంతస్తుల పెళ్లికేకుతో విజయవాడ బస్టాండుకి చేరాను. కేకు పట్టుకుని చల్లపల్లి వెళ్లాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. అలాంటివాళ్లు ఎవరుంటారని అడక్కండి. నేను బయల్దేరేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

కారణం గ్రేసక్క. సత్యనారాయణపురంలో మా పక్క వాటాలో ఎనిమిదేళ్లు అద్దెకున్న నర్సు. పాత గుండిగలో ఇసుక పోసి, కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టి కేకు కాల్చడం నాకు నేర్పింది ఆవిడే. లోపల కాలిందో లేదో కొత్త చీపురుపుల్ల గుచ్చి చూసేది. ఆ ఎనిమిదేళ్లలో నేను చేసిన ఒక్క కేకునీ బాగుందన్న పాపాన పోలేదు. "పర్లేదు" అనేది. చాలా బాగా కుదిరిందని నాకే తెలిసిపోయిన రోజున "పర్లేదులే" అనేది. తర్వాత బదిలీ మీద చల్లపల్లి వెళ్లిపోయింది. ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది. సునీత పెళ్లి కుదిరింది, కేకు నువ్వే చెయ్యాలి అని రెండే ముక్కలు. సునీత ఆవిడ కూతురు. ఉత్తరం చదవగానే నేను పెట్టుకున్న పంతం ఒక్కటే. ఈసారైనా ఆవిడ నోటితో బాగుందనిపించాలి.

"అన్ని బేకరీలుండగా ఇక్కణ్ణించి మొయ్యడమేంటే? దారిలో అప్పడమైపోద్ది" అన్నారు మా ఆయన. అంటూనే బుధవారమంతా పక్కన కూర్చుని గుడ్లు గిలకొట్టారు. మా గుండ్రటి అల్యూమినియం ఓవెన్లో ఒక్కో అంతస్తూ విడిగా కాల్చి, ఎండకి ఆగాలని వెన్న మానేసి డాల్డాతో క్రీము పట్టించాను. మూడు అంతస్తులూ మూడు అట్టపెట్టెల్లో పెట్టాను. మూతలు వేస్తే క్రీము చెమరుస్తుందని పల్చటి గుడ్డ మాత్రం కప్పాను.

ఆరు గంటల బస్సు. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా వెళ్తుంది. మా ఆయన పెట్టెలు ఎక్కించి, నా వంక జాలిగా చూసి దిగిపోయారు. కండక్టరు రాగానే రెండు చల్లపల్లి అడిగాను.

"రెండోవారేరండి?"

పక్క సీట్లో ఉన్న పెట్టెలు చూపించాను.

"సామానుకి సీటుండదమ్మా. టాపు మీద వెయ్యండి."

"టాపు మీద వేస్తే చల్లపల్లిలో గరిటెతో దించుకోవాలండి. టికెట్టు కొంటానంటున్నాగా."

"కొన్నా కుదరదమ్మా. సీటనేది మనిషికే."

వెనక సీట్లోంచి గొడుగు పట్టుకున్న పెద్దాయన ఒకాయన కల్పించుకున్నారు. ఆయన ఎవరో నాకు తెలీదు. బస్సులో ఇలాంటి పంచాయితీ ఎక్కడ జరిగినా ఇలాంటి పెద్దాయన ఒకరు తప్పకుండా ఉంటారు. "పిల్లలూ మనుషులేగా. వయసెంతమ్మా దానికి?" అని నన్నడిగారు.

"నిన్న సాయంత్రం పుట్టిందండి."

"అయితే ఐదేళ్ల లోపే. టికెట్టు అక్కర్లేదు. కానీ ఒళ్లో కూర్చోబెట్టుకోవాల."

కండక్టరు నవ్వుతాడనుకున్నాను. ఆయన నిజంగానే ఆలోచించి, "అదీ రూలేనండి" అని ఒక్క టికెట్టే కొట్టి, పదిహేను రూపాయలు తీసుకుని ముందుకెళ్లిపోయాడు. నాకున్నది ఒక్క ఒడి, పిల్లలేమో ముగ్గురు.

పెద్ద అంతస్తు నేను పెట్టుకున్నాను. మధ్యది మస్తాన్ తీసుకున్నాడు. ఆటోనగర్లో లారీల కింద కుదుపు ఆపే కమాన్‌కట్టలు బాగుచేసే మెకానిక్కు, చల్లపల్లిలో ఆగిపోయిన లారీ కోసం వెళ్తున్నాడు. "అక్కా, వెనక చక్రం మీద కూచోకండి, ఎగరేసి కొడతది. మధ్యలోకి రండి" అని ఇద్దరు మనుషుల్ని లేపి మరీ మమ్మల్ని సర్దాడు. మడమలు పైకెత్తి కూర్చోవాలనీ, అప్పుడు మోకాళ్లే కమాన్‌కట్టల్లా పనిచేస్తాయనీ చెప్పాడు. చేసి చూశాను, నిజమే. మీరు వెళ్లినా అలాగే కూర్చోండి. ఉయ్యూరు దాటేసరికి పిక్కలు పట్టేస్తాయి, అంతే.

అన్నిటికన్నా చిన్నదాన్ని ఒక ముసలావిడ అడిగి తీసుకుంది. కూచిపూడిలో కూతురు ప్రసవించిందట, మనవణ్ణి చూడ్డానికి వెళ్తోంది. పెట్టె ఒళ్లో పెట్టుకున్న ఐదు నిమిషాలకే ఆవిడ చెయ్యి దాన్ని జోకొట్టడం మొదలుపెట్టింది. గట్టిగా కొట్టద్దని చెబుదామనుకుని ఊరుకున్నాను.

ఏడింటికి ఉయ్యూరులో పది నిమిషాలు ఆపారు. మేం ముగ్గురం కదిలే వీల్లేదు. పొద్దున సీటివ్వనన్న కండక్టరే నాకు విస్తరాకులో ఇడ్లీ తెచ్చిపెట్టాడు. మస్తాన్ రెండు చేతులూ పెట్టెకే సరిపోయాయి కాబట్టి టీ గ్లాసు ఊది ఊది అతని నోటికి అందించాడు. ఇడ్లీ మెత్తగా ఉంది, అల్లం పచ్చట్లో బెల్లం ఎక్కువైంది.

అప్పటికే కేకు సంగతి బస్సంతా పాకింది. ఒక్కొక్కరే లేచి వచ్చి గుడ్డ ఎత్తి చూసి, "ఇంట్లోనే చేశారా?" అని అడిగి వెళ్తున్నారు. పామర్రులో ఎక్కినవాళ్లకి పాత ప్రయాణికులు దగ్గరుండి చూపించారు. నాకు లోపల గర్వంగానే ఉంది, కాదనను.

ఎనిమిదింబావుకి కూచిపూడి వచ్చింది. ముసలావిడ చిన్న పెట్టెని గొడుగాయన ఒళ్లోకి మార్చి, నా తల నిమిరి దిగిపోయింది. బస్సు కదిలాక చూసుకుంటే తెల్లటి క్రీము మీద, గులాబీ పువ్వు పక్కన, కందిగింజంత నల్లచుక్క. మనవడి కోసం తీసుకెళ్తున్న బరిణెలోంచి కాటుక తీసి కేకుకి దిష్టిచుక్క పెట్టింది.

"చూస్తూ ఊరుకున్నారా?" అని గొడుగాయన్ని అడిగాను.

"నేనే పెట్టమన్నానమ్మా. ఇంతమంది చూశారు, అందరి కళ్లూ ఒకలా ఉంటాయా?" అన్నారాయన.

గోటితో గీకబోతే మస్తాన్ ఆపాడు. "ముట్టుకోకండక్కా. గ్రీజు మరకా ఇంతే, తుడిచేకొద్దీ పెద్దదవుద్ది."

ఎనిమిదిన్నర దాటాక చల్లపల్లిలో దిగాం. గొడుగాయన అవనిగడ్డ పోవాలి, పెట్టె కిటికీలోంచి భద్రంగా అందించారు. నేనూ మస్తానూ చెరో రిక్షా ఎక్కి పెళ్లివారింటికి చేరాం. అతను పెట్టె దించి, భోజనానికి ఉండమన్నా వినకుండా లారీ దగ్గరికి పోయాడు. చర్చి పక్కనే ఇల్లు, వాకిట్లో షామియానా. గ్రేసక్క వచ్చి, నేను అంతస్తులు పేర్చడం చివరిదాకా చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, "నిలబడింది" అంది. అప్పుడు చుక్క కనబడింది ఆవిడకి. జరిగింది చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. వాళ్ల పాస్టరుగారికి ఇలాంటివి పడవట. షామియానాకి ఎవరో కట్టిన బూడిదగుమ్మడికాయని ఆ ఉదయమే దగ్గరుండి విప్పించారట. ఆ పాస్టరుగారే మా వెనక నిలబడి ఉన్నారు.

"ఏంటమ్మా అది?"

"ఎండుద్రాక్షండి అయ్యగారూ" అంది గ్రేసక్క, రెప్ప వెయ్యకుండా.

"ఒక్కటే వేశారే?"

"ఎక్కువైతే పిల్లలకి వేడి చేస్తుందండి."

పదకొండింటికి పెళ్లయింది. వధూవరులు కేకు కోసి ఒకరికొకరు తినిపించుకున్నాక, పై అంతస్తులో ముక్క అయ్యగారికివ్వడం వాళ్ల ఆనవాయితీ. గ్రేసక్క తమ్ముడు మర్యాద తెలిసిన మనిషి. ఉన్న ఒక్క ద్రాక్షా ఆయనకే వచ్చేలా చూసి కోశాడు. నేనూ గ్రేసక్కా ఒకళ్ల చెయ్యి ఒకళ్లం పట్టుకుని నిలబడ్డాం. పాస్టరుగారు నిదానంగా నమిలి, "ద్రాక్ష బాగా మగ్గింది" అన్నారు. ఆముదం దీపం మీద పట్టిన కాటుకే కదా, ప్రమాదమేం లేదు. కానీ భోజనాల ముందు ప్రార్థన చేస్తూ నోరు తెరిచినప్పుడల్లా ముందుపన్ను మీద నల్లగా కనబడుతూనే ఉంది. నేను కళ్లు మూసుకుని చాలా భక్తిగా ఉండిపోయాను.

భోజనంలో గారెలు, కోడికూర, పెరుగుపచ్చడి. ఏదీ సరిగ్గా నోటికి తెలియలేదు. నా చూపంతా కేకు పళ్లెం మీదే ఉంది. రెండొందల మందికని చేశాను, ఊరు ఊరంతా వచ్చింది. వెనక వరసల వాళ్లకి ముక్క అందనేలేదు. పెళ్లికూతురి తల్లి అందరూ తిన్నాకే తినాలి కాబట్టి గ్రేసక్క ఏమీ ముట్టలేదు. రెండున్నరకి పళ్లెం దగ్గరికి వెళ్తే అడుగున చెక్క, దాని మీద క్రీము గీతలు. అన్ని ఒళ్లు మారి వచ్చిన కేకు ఎవరికోసం తెచ్చానో ఆవిడకే అందలేదు. నాకు ఏడుపొచ్చింది. పెళ్లింట్లో బాగుండదని మింగాను.

గ్రేసక్క నన్ను లోపలి గదిలోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసి, ఇనప బీరువా తెరిచి, కొత్త చీరల వెనకనుంచి ఒక పెద్ద పెట్టె తీసింది. లోపల ఇంకో కేకు. బందరు బేకరీది, రెండంతస్తులది, ఎర్ర గులాబీలు, వెండి పూసలు, ఎక్కడా చెక్కు చెదరలేదు.

"నిన్నే తెప్పించి ఉంచా. నీ మీద నమ్మకం లేక కాదు సుభద్రా. రోడ్లు అలాంటివి."

నాకు చాలా బాధేసింది. బాధ దిగేలోపే అనుమానం వచ్చింది. "మరి వెనకవాళ్లకి అందలేదుగా అక్కా. ఇది కోసి పంచకపోయావా?"

ఆవిడ పెట్టె మూత వేసి తాడు కట్టింది. "జనం నీది తిన్నాక దీన్ని ఎవరి నోట్లో పెట్టనే? మాటొచ్చినా పర్లేదనుకున్నా. మావాళ్లు పళ్లెంలో క్రీము వేళ్లతో గీరుకుని తింటంటే చూశాగా." పెట్టె నా చేతుల్లో పెట్టింది. "తీసుకెళ్లి మీ ఆయనకిచ్చెయ్. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు చూస్తారు."

నాలుగింటి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మొవ్వ కాలవ గట్టున ఎండ తగ్గి గాలి మొదలైంది. ఆవిడ బాగుందని అనలేదు, అసలు రుచే చూడలేదు. చూసుంటే ఏదో వంక పెట్టేదే, ఆవిడ సంగతి నాకు తెలుసు. కానీ ఊళ్లో మాట పడ్డానికి సిద్ధపడింది గానీ, నా కేకు పక్కన ఇంకోటి పెట్టడానికి ఒప్పుకోలేదు. అది తలుచుకుంటే కడుపు నిండిపోయింది. పామర్రులో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుని, పెట్టెతో నేను ఇరుగ్గా ఉండటం చూసి, "కేకులా ఉందే, ఇటివ్వండి, నేను ఒళ్లో పెట్టుకుంటా" అంది.

"అక్కర్లేదండి," అన్నాను. "కాళ్ల దగ్గర పడేద్దాం. మామూలు కేకే."