ఒడ్డు దగ్గర ఆగిన గాలి

మూడేళ్ల కిందటి వేసవి. ముదిగుబ్బ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ల్యాబ్ ఆయాను. రేకుల షెడ్డులో సిమెంటు తొట్టి, అందులో మూరెడు పడవ. మనిషి లేకుండా నడిచే ఓడకు అది నమూనా. చుట్టూ ఎనిమిది ఫ్యాన్లు. రేవులో గాలి ఎప్పుడు, ఎటునుంచి కొడుతుందో చెప్పలేం. అలా తీరూతెన్నూ లేకుండా రావడాన్ని రాండమ్ అంటారు. స్విచ్చులు నొక్కి ఆ గాలిని పుట్టించడం నా పని. దాన్ని తట్టుకుని, తొట్టి గోడలకు తగలకుండా అవతలి ఒడ్డు చేరడం పడవ తనంతట తాను నేర్చుకోవాలి.

"ఓబులమ్మా, నీకు తోచినట్టు నొక్కు. ఒక పద్ధతి మాత్రం ఉండకూడదు" అన్నారు ఈ పరిశోధన చేస్తున్న నీరజ మేడమ్.

కరెంటు పనికొచ్చిన బాషా నవ్వాడు. "ఏమక్కా, బోర్లలో చుక్క నీళ్లు లేవు, ఈడ ఓడలు తోలతాండారా?"

"సముద్రం యాడుండాదో నాకేం తెలుసప్పా! నొక్కమన్నారు, నొక్కతాండా."

అతను వెళ్లాక మళ్లీ నేనూ, పడవా. ఇంటికి పోయినా పలకరించేవాళ్లు లేరు. "రా తల్లీ, మెల్లగా రా" అని దానితోనే మాట్లాడేదాన్ని. నెల తిరిగేసరికి ఒక్కసారీ గోడకు తగలకుండా ఒడ్డు చేరింది.

రేవు అధికారులు పరీక్ష చూడటానికి వస్తారనగా, గాలిని అదే పుట్టించేలా మేడమ్ ఫ్యాన్లను కంప్యూటరుకు కలిపారు. పడవ నేరుగా వెళ్లి గోడను గుద్దింది. మూడుసార్లు నడిపి చూసినా అంతే. ఆమె ఏళ్ల కష్టం ఆ పరీక్ష మీదే ఉంది. వైరింగులో తప్పనుకుని బాషాకు కబురు పెట్టారు.

నాకెందుకో అనుమానం వచ్చింది. ఏ ఫ్యాను ఎప్పుడు తిరిగిందో, అప్పుడు పడవ గోడకు ఎంత దూరంలో ఉందో చూపే కాగితాన్ని లాగ్ అంటారు. యాభై దాటాక అక్షరాలు, అంకెలు దిద్దినదాన్ని. నేను నొక్కిన రోజుల లాగ్ తీసి, వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాను. పడవ గోడకు జానెడు దూరంలో ఉన్న చోటల్లా ఫ్యాన్ల గడిలో సున్నాలే.

చెప్పకపోతే ఎవరికీ తెలియదేమో. చెబితే ఉద్యోగం పోవచ్చు. అయినా వెళ్లాను.

"మేడమ్, బాషాది కాదు, తప్పు నాది. గోడ దగ్గరికొస్తే నేనే గాలి ఆపేసినా."

"ఎందుకమ్మా?"

"దెబ్బ తగుల్తాదని. చెయ్యి దానంతటదే ఆగిపోయినాది."

"అందుకే గోడ దగ్గర గాలి ఉండదని అది నేర్చుకుంది" అంటూ ఆమె కాగితంలోని సున్నాలను వేలితో చూపారు. తర్వాత పరీక్షను వాయిదా వేయించి, పడవ నేర్చుకున్నదంతా చెరిపేసి, కంప్యూటరు గాలితో మొదటినుంచీ నేర్పించారు. ఈసారి అధికారుల ముందు పడవ గెలిచింది. నా ఉద్యోగమూ నిలిచింది. స్విచ్చుల పని మాత్రం పోయింది.

గాలి ఎవరినీ చూసి తగ్గదని, తగ్గితే నేర్చుకునేవాళ్లకే నష్టమని అప్పుడు తెలిసింది. ఇప్పుడు తొట్టి అంచు తుడిచేటప్పుడు ఆ పడవ నా పక్కనుంచే ఒడ్డుకు పోతుంది. గోడ దగ్గరికొస్తే గాలి ఆగుతుందని ఒకప్పుడు దానికి తెలుసు. నాకే తెలియని నా అలవాటు ముందుగా తెలిసింది దానికే.