నాలి మొద్దులకు కాపలా

క్లోటిల్డాకు యాభై ఎనిమిదేళ్లు. ఈ గ్వాడల్‌కనాల్ దీవిలో ఆమె తడవని వాన లేదు, మోయని దుంపల బుట్ట లేదు. ఇద్దరు కూతుళ్లను పెంచింది, మొగుణ్ని మట్టిలో పెట్టింది, రాతి మీద బాదంలాంటి నాలి కాయలు కొట్టీ కొట్టీ కుడిచేతి బొటనవేలు వంకర చేసుకుంది. ఇన్ని చేసిన మనిషి రెండేళ్లుగా వారం వారం చేస్తున్న పని ఏమిటయ్యా అంటే, కొట్టేసిన చెట్ల మొద్దుల మీదికి పాకే తీగలు కోయడం. ఊళ్లో నవ్వనివాళ్లు లేరు.

"చచ్చిన చెట్టుకు క్షవరమేంటి పిన్నీ?" అనేవాడు మోఫట్. కలప కంపెనీలో రంపం మిషను పట్టేది వాడే.

"పీక కోసింది నువ్వు, క్షవరం చేసేది నేను. ఎవరి పని వాళ్లదిరా" అనేది క్లోటిల్డా. తీగలకింద జలగలు, కుళ్లిన ఆకులు, మిషన్లు కార్చిన నల్లటి నూనె మడ్డి. ఆ కంపులో మోకాళ్లమీద కూర్చుని కత్తి ఆడించేది.

ఆ పిచ్చిపనికి కారణం ఉంది. ఇక్కడ నేల తల్లి నుంచి కూతురికి వస్తుంది. పత్రాలూ ముద్రలూ ఉండవు, తల్లులు నాటిన నాలి చెట్టే పత్రం. కొండ గట్టు మీద ఆమె వంశపు ఆడవాళ్లు తలా ఒకటి నాటినవి ఎనిమిది చెట్లు. అయితే నేల ఆడదాని దగ్గరున్నా నోరు మగవాడి దగ్గరుంది. నలుగురిలో మాట్లాడాలన్నా, వేలిముద్ర వేయాలన్నా తోడబుట్టినవాడే. ఆమె తమ్ముడు బార్నబస్ కంపెనీ కాగితం మీద చేవ్రాలు చేశాడు. అందులో ఏముందో తెలుసా? ఈ కొండంతా ఒట్టి అడవి, మనిషి నాటిన చెట్టు ఒక్కటీ లేదు అని. అందుకు వాడికి పడవ మోటారు వచ్చింది, నల్ల కళ్లద్దాలు వచ్చాయి. వానలో కూడా ఆ అద్దాలు తీయడు.

చెట్లు పోయాయి. మొద్దులు మిగిలాయి. పెద్దల సభ కొండకొచ్చి చూస్తామని కబురుపెట్టింది. అది అడవే అని తేలితే మిషన్లు ఇంకా కిందికి దిగుతాయి. క్లోటిల్డా దుంపతోట, ఊరంతా నీళ్లు పట్టుకునే ఊట, అన్నీ బురదలో కలుస్తాయి. నాటిన నేల అని తేలితే మిషన్లు వెనక్కి పోవాలి. ఆమెకున్న సాక్ష్యం ఆ ఎనిమిది మొద్దులే.

బార్నబస్ మాత్రం సిగ్గు లేకుండా అక్క ఇంటికి భోజనానికి వచ్చేవాడు. చేమదుంప పాయసం వేళ్లు నాక్కుంటూ తిని, "మొద్దుల మీద నీకింత మమకారమేంటక్కా?" అని అడిగేవాడు. ఆమెకు వాడు నమిలే చప్పుడు వింటేనే వెగటు. అయినా పెట్టేది. తమ్ముడికి కూడు లేదనకూడదు కదా, అదొక ఖర్మ.

సభకు ఇంకా వారం ఉందనగా, ఆదివారం, ఆమె చర్చిలో ఉంది. ప్రార్థన మధ్యలో రబ్బరు కాలిన కంపు కొట్టింది. లేచి పరుగెత్తింది. గట్టెక్కేసరికి ఎనిమిది మొద్దుల మీదా కంపెనీ లారీల పాత టైర్లు, పైన డీజిలు, మంటలు. బార్నబస్ డబ్బా పక్కన పెట్టుకుని నీడలో వక్క నములుతున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"చోటు చదును చేస్తున్నానక్కా. పిల్లలు వాలీబాల్ ఆడుకుంటారు."

ఆమె వాడి మొహాన ఉమ్మేద్దామనుకుంది, ఆ మొహానికి అంత ఉమ్ము కూడా దండగ అనిపించింది. నాలి చెట్టుకు గాటు పడ్డ చోట జిగురు కారుతుంది, ఆ సువాసనకు చిన్నప్పుడు చెట్టునానుకుని నిద్రపోయేవాళ్లు. ఇప్పుడు ఆ జిగురే టైర్లతో కలిసి బుసబుస పొంగుతోంది. నాలుగు రోజులు కాలాయి. చేమ ఆకుల మీద మసి, తాగే నీళ్లలో మసి, ఉమ్మితే నలుపు. పొమ్మనలేక పొగబెట్టడం అంటే సొంత తమ్ముడు చేసి చూపించాడు.

పెద్దలు వచ్చారు. అందరికన్నా ముసలాయన తోబియాస్. కంపెనీ మనిషి కాగితం పట్టుకుని నిలబడ్డాడు, వాడి వెనక మోఫట్.

"మొద్దులున్నాయన్నారే, ఏవీ?" అన్నాడు తోబియాస్.

"మొద్దులెక్కడివి పెద్దయ్యా? ఏవో బూడిద గుంటలు" అన్నాడు బార్నబస్.

ముసలాయన మొదటి గుంట నుంచి రెండో గుంటకు నడిచాడు. పదకొండు అడుగులు. మూడోదానికి నడిచాడు. పదకొండే. మధ్యన పెరిగిన పొదల్లో ఎవరికీ కనబడని వరసను మంట శుభ్రంగా తుడిచి చూపించింది. ఎనిమిదోదాకా నడిచి ఆయాసపడుతూ ఆగాడు.

"అడవి వరస కట్టి మొలవదు. నాటినవాళ్లెవరో చెప్పండి."

గాలి తిరిగింది. బార్నబస్ కూడా తిరిగాడు. కళ్లద్దాలు తీసి ముందుకొచ్చి, "మా తల్లులే పెద్దయ్యా. వంశం తరఫున నేను చెబుతాను" అన్నాడు, గొంతు కూడా జీరపోయింది. క్లోటిల్డాకు వాణ్ని వెనక్కి లాగెయ్యాలనిపించింది. కాని సభలో వంశావళి చెప్పే పద్ధతి ఒక్కటే. తెలిసిన ఆడది వెనక కూర్చుని గుసగుసగా అందించాలి, తోడబుట్టినవాడు గట్టిగా పలకాలి. ఆమె మౌనంగా ఉంటే వాడి నోరు మూతపడుతుంది, నేల కూడా పోతుంది.

"మా ముత్తవ్వ కేసా" అని మొదలుపెట్టి వాడు ఆగిపోయాడు. అంతకుమించి రాదు.

ఆమె పళ్లు బిగించి అందించింది. "రెండోది వోలి."

"రెండోది వోలి" అని వాడు అరిచాడు.

ఒక్కొక్క పేరూ ఆమె పెదవి మీద పుట్టి వాడి గొంతులో ఉరిమింది. ఎనిమిదీ అయ్యాయి. పెద్దలు తలలు కలిపి మాట్లాడుకున్నారు. "ఈ కొండ వీళ్ల తల్లులది. మిషన్లు వెనక్కి పోవాలి" అన్నాడు తోబియాస్. ఆ పైన, "ఎంత జ్ఞాపకం నాయనా నీకు" అని బార్నబస్ భుజం తట్టాడు.

బార్నబస్ ఉబ్బిపోయాడు. చివర్న నాలుగు మాటలు చెప్పకపోతే వాడికి తృప్తి లేదు. వెనక్కి వంగి, "ఏదైనా ముగింపు అందించక్కా" అన్నాడు.

"ఈ తల్లుల మొద్దుల్ని" అంది క్లోటిల్డా.

"ఈ తల్లుల మొద్దుల్ని!"

"టైర్లేసి తగలబెట్టింది."

"టైర్లేసి తగలబెట్టింది!" అంటూ వాడు కంపెనీ మనిషి వైపు వేలెత్తి చూపించాడు.

"నేనే."

"నేనే!" అని రొమ్ము చరుచుకున్నాడు.

అందరూ వాడి వైపు తిరిగారు. మోఫట్ ఒక్కడూ నేలచూపు చూశాడు. మాట బయటికి వచ్చాక గాని దాని అర్థం బార్నబస్‌కు అందలేదు. ఎత్తిన వేలు ఎటు దించాలో తెలియక అక్క వైపు తిరిగాడు.

"ఇంకోసారి చెప్పు బార్నబస్" అన్నాడు తోబియాస్. "ఈ చెవి సరిగా వినబడదు."

వాడు అక్క పెదాల వంక చూస్తూనే ఉన్నాడు. క్లోటిల్డా నోట్లో వక్క వేసుకుని నమలడం మొదలుపెట్టింది.