నా పేరు మీద పదకొండు నంబర్లు

ఆ పీట ఇటు జరుపుకుని దగ్గరగా కూర్చోండి. టీవీ గొంతు కాస్త తగ్గించండి. దీపాలు పెట్టే వేళ దాటింది కదా, అయితే చెప్పొచ్చు. ఈ సంగతి ఆ వేళలో ఎత్తను. ఎందుకు ఎత్తనో వింటే మీకే తెలుస్తుంది.

మాది శ్రీకాకుళం వైపు. మా ఆయనకి రైల్వే వర్క్‌షాపులో పని దొరికితే, పెళ్లైన ఏడాదే సికింద్రాబాద్ వచ్చి చిలకలగూడలో కాపురం పెట్టాం. నేను చదివింది నాలుగో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని నేనొక వార్త చదివేలోపు అది పాతబడిపోతుంది. కానీ చెవిన పడిన మాట, కంట పడిన మనిషి నన్ను విడిచిపోవు. ఫలానా వాళ్ల పేరంటానికి ఎవరెవరు వచ్చారు, ఎవరు ఏ రంగు చీర కట్టారు అని ఇరవై ఏళ్ల తర్వాత అడిగినా చెబుతాను. ఊరంతా కంప్యూటర్ల గోల నడుస్తున్న ఆ రోజుల్లో మా ఆయన స్నేహితులతో అనేవారు, "మా ఇంట్లోనూ ఒకటుంది. కరెంటు పోయినా ఆగదు" అని.

పొద్దున పడిన పేపరు మా ఇంట్లో సాయంత్రం దాకా మడత విప్పుకునేది కాదు. ఆయన డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వరండాలో కుర్చీ వేసుకుని పైకి చదివేవారు. నేను చాటలో బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. పిట్టగోడ అవతల టీచరమ్మ ఎర్ర పెన్ను పట్టుకుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ వినేది. ఆమెది గుంటూరు వైపు, చర్చికి వెళ్లే కుటుంబం. దగ్గర్లోని స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పేది. నన్ను వదినా అనేది.

చదివేది ఆయనే అయినా తీర్పు చెప్పేది మేం ముగ్గురం. టీవీ మీద ఒక డబ్బా పెడితేనే ఇక బొమ్మ వస్తుందట అని చదివారు. అదీ మంచిదే, డబ్బా కొనేదాకా పిల్లలు నాలుగు రోజులు పుస్తకం పడతారు అంది టీచరమ్మ. ఏ డబ్బా పెట్టినా సీరియల్లో అత్త కోడల్ని ఏడిపించడం మానదు కదా అన్నాను నేను. పాటల పోటీలో గెలవాలంటే జనం సెల్లు నుంచి మెసేజీలు కొట్టాలట అంటే, అయితే బాగా పాడినవాడు కాదు, చుట్టాలు ఎక్కువున్నవాడు గెలుస్తాడన్నాను. సెల్లుకి సినిమా పాట పెట్టించుకునే వేడుక అప్పుడే మొదలైంది. పెట్టించుకున్నవాడికి ఆ పాట వినబడదు, ఫోన్ చేసినవాడికే వినబడుతుంది. ఇంటికొచ్చిన వాడిని గుమ్మంలో నిలబెట్టి డప్పు కొట్టినట్టు ఇదేం మర్యాద అన్నాను. టీచరమ్మ నవ్వి, ఆ మాట పట్టుకుని తన ఫోనుకి ఏ పాటా పెట్టించుకోలేదు.

ఒకరోజు, సెల్లుకి నంబరు కావాలంటే ఇకపై ఇంటి చిరునామాకి రుజువు చూపాలన్న వార్త వచ్చింది. రేషన్ కార్డు జిరాక్స్ ఇవ్వాలట. మంచి పనే చేశారన్నాం ముగ్గురమూ.

ఆ మంచి పని వారం తిరక్కుండా మా గుమ్మంలోకే వచ్చింది. మా వైపు నుంచి ఇక్కడికి పనికొచ్చిన వాళ్లకి కార్డు ఊళ్లో ఉంటుంది, కడుపు ఇక్కడ ఉంటుంది. షాపువాడు రుజువు లేనిదే నంబరు ఇవ్వనంటున్నాడు. ముందుగా వరసకి తమ్ముడయ్యేవాడొకడు వచ్చాడు, ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. "అప్పా, నీ కార్డు జిరాక్స్ ఒకటియ్యి. ఫోను లేకపోతే పనిలో ఉంచరట." అప్పా అంటే మా వైపు అక్కా అని. ఇచ్చాను. తర్వాత హాస్టల్లో ఉండి కంప్యూటర్ నేర్చుకుంటున్న అమ్మాయి వచ్చింది. ఆ తర్వాత ఒక ఫిట్టరు, వాడి బావమరిది. అలా ఎనిమిది మంది. అందరూ మా వీధి మొగలో ఉన్న ఒక చిన్న సెల్లు షాపుకే తీసుకెళ్లి నంబర్లు తెచ్చుకున్నారు.

నాకొక అలవాటుంది. శుభలేఖకి మూలల పసుపు రాసినట్టు, నా గడప దాటి మంచి పనికి వెళ్లే కాగితం ఏదైనా బొట్టు లేకుండా పోనివ్వను. కింద సంతకం చేసి, కుంకుమ తడిపి, జిరాక్స్ పైమూలన వేలితో ఒక చుక్క పెట్టి, ఆరాక ఇచ్చేదాన్ని. తొమ్మిదో కాగితం టీచరమ్మకి. ఆమె కార్డు కూడా అత్తగారింట్లోనే ఉండిపోయింది. "నా దానికి బొట్టు వద్దు వదినా, రేపు మా ఆదివారం ఆరాధనలో ఆ చుక్క నన్నే చూస్తుంటుంది" అంది నవ్వుతూ. అదొక్కటే చుక్క లేకుండా వెళ్లింది.

మా ఆయనకి ఇది నచ్చలేదు. పేరు అలా పంచిపెట్టకే అన్నారు. అన్నం పెడితే తరుగుతుంది గానీ పేరు పెడితే తరుగుతుందా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

కొన్ని నెలలు గడిచాయి. ఒక సాయంత్రం పేపర్లో కొత్త వార్త. ఊరికి ఆ చివర ఒక కంప్యూటర్ కంపెనీ అద్దాల మేడకి, బాంబు పెట్టామని ఎవరో ఫోన్ చేశారు. మెడలో కార్డులు వేలాడుతుంటే అక్కడ పనిచేసే పిల్లలందరూ మెట్ల మీద నుంచి రోడ్డు మీదికి పరుగెత్తారు. ఒకమ్మాయి పడి చెయ్యి విరిగింది. తీరా వెతికితే ఏమీ లేదు. ఎవడో పని ఎగ్గొట్టడానికి చేసుంటాడన్నారు మా ఆయన. మా స్కూల్లో పరీక్షల ముందు కడుపునొప్పి వచ్చినట్టు అంది టీచరమ్మ. నేను అప్పుడే దీపం వెలిగించి తులసి దగ్గర పెట్టడానికి చేతిలో పట్టుకున్నాను.

"ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందో వాళ్లని తీసుకుపోయి కూర్చోబెడితే సరి. పేరిచ్చినవాళ్లకి పూచీ ఉండొద్దా?" అన్నాను.

గాలి లేదు. అయినా దీపం ఒక్కసారి వంగి లేచింది. తథాస్తు దేవతలు తిరిగే వేళ, మంచి మాట అనవే అన్నారు మా ఆయన. మాకు ఆ దేవతలు లేరన్నయ్యా, మా మాటకి మేమే జవాబు చెప్పుకోవాలి అంది టీచరమ్మ. అందరం నవ్వుకున్నాం.

మూడో రోజు మధ్యాహ్నం, కుళాయి దగ్గర వీధంతా బిందెలతో నిలబడి ఉన్నప్పుడు, ఒక జీపు వచ్చి మా ఇంటి ముందు ఆగింది. ఎస్సై, వెనక ఒక కానిస్టేబులు. ఎస్సై నా పేరు, మా ఆయన పేరు, డోరు నంబరు చదివి, అవునా అన్నాడు. అవునన్నాను. కుళాయి కింద బిందె నిండి నీళ్లు పొర్లుతున్నా ఎవరూ తీయలేదు.

"ఏందమ్మా, ఒక్కదానివి గిన్ని నంబర్లు పెట్టుకుని ఏం చేస్తున్నవ్? పదకొండున్నయ్ నీ పేరు మీద."

తొమ్మిదే సార్ అన్నాను. ఎవరికిచ్చానో, ఏ రోజు ఇచ్చానో చెబుతానన్నాను. ఆయన వినలేదు. తన ఫోనులో ఒక నంబరు నొక్కి నా చెవి దగ్గర పెట్టాడు. అందులోంచి ఒక డప్పుల పాట. నాకు ఎప్పుడూ నచ్చని గంతుల పాట. నా పేరు మీద, నా ఇంటి నంబరు మీద, నేనెరగని ఏ జేబులోనో మోగుతోంది. ఎవరూ ఎత్తలేదు. పాట మళ్లీ మొదటికొచ్చింది.

"బాంబని చెప్పింది గీ నంబరే. రేపు పొద్దుగాల స్టేషన్‌కు రా. ఎక్కడికీ పోకు."

ఆ సాయంత్రం పేపరు మడత విప్పలేదు. ఆ తొమ్మిది పేర్లూ వరసగా మా ఆయనకి చెప్పాను. మళ్లీ చెప్పమన్నారు. చెప్పాను. ఇంకా రెండు ఎవరికో ఇచ్చి మరిచిపోయావేమో అన్నారు. అంతవరకు ఆయన నా గుర్తుని ఏనాడూ అనుమానించలేదు. నన్ను లోపల వేస్తారన్న భయం ఒకటైతే, ఆ తొమ్మిది మందినీ తెచ్చి నిలబెడతారన్న భయం ఇంకొకటి. నాలుక మీద పేర్లన్నీ ఉన్నాయి, ఎప్పుడూ లేనంత బరువుగా.

పొద్దున్నే టీచరమ్మ సెలవు పెట్టి మాతో వచ్చింది. మీకు చదవడం అంతగా రాదు వదినా, వాళ్లు ఏం రాయించుకుంటారో నేను చూస్తాను అంది. స్టేషన్లో ఎస్సై, సెల్లు కంపెనీ నుంచి తెప్పించిన ఫారాలు బల్ల మీద పరిచాడు. పదకొండు. అన్నిటికీ నా రేషన్ కార్డు జిరాక్సే, కింద నా సంతకమే. నాలుగో తరగతి సంతకం, ఎవరైనా దించగలరు.

నాకు అక్షరాలు కాదు, బొట్లు కనిపించాయి. ఎనిమిదింటి మీద ఎర్రటి చుక్క, ఆరి కొంచెం రాలి, నా వేలి గీతతో సహా. రెండింటి మీద అదే చోట అదే చుక్క, నల్లగా. నేను పెట్టిన శుభం మీద ఎవరో మసి పూసినట్టుంది.

"ఈ రెండూ నేనిచ్చినవి కావు సార్. బొట్టు లేకుండా ఏ కాగితమూ పోనివ్వను, నా కుంకుమ నల్లగా ఉండదు."

ఎస్సై నవ్వాడు, కుంకుమని తెచ్చి కోర్టులో సాక్ష్యం చెప్పిస్తవా అన్నాడు. కానీ ఎర్ర చుక్కున్న కాగితం ఒకటి కానిస్టేబులుకిచ్చి ఎదురు షాపులో జిరాక్స్ తీయించుకు రమ్మన్నాడు. వాడు తెచ్చాడు. చుక్క నల్లగా వచ్చింది. ఎస్సై నవ్వు ఆగింది. షాపువాడు మేమిచ్చిన కాగితాలకి నకళ్లు తీసి, రుజువు లేని వాళ్లకి నా పేరు అమ్ముకున్నాడు. బాంబు నంబరు ఆ నల్ల కాగితాల్లో ఒకదానిది.

అయిపోయిందనుకుని లేవబోయాను. అప్పుడు ఆయన మిగిలిన కాగితం ముందుకు తోశాడు.

"మరి గిది? ఎర్రదీ లేదు, నల్లదీ లేదు. బొట్టు లేకుంట పోనియ్యనంటివి. రేపు షాపోడు గదే అంటడు, ఆమె బొట్టు పెట్టనివి సుత ఇచ్చింది అని. ఎవరిదిది?"

టీచరమ్మ నా పక్కనే ఉంది. పోలీసులు పిలిచారని తెలిస్తే స్కూల్లో ఏమవుతుందో నాకు తెలుసు. నేనటు చూడలేదు.

"గుర్తు లేదు సార్."

నా జన్మలో ఆ మాట అనడం అదే మొదటిసారి. మా ఆయన తలెత్తి నన్ను చూశారు. అబద్ధమని ఆయనకి తెలిసింది. ఎస్సై ఆ కాగితం మీది నంబరు నొక్కాడు. పాటేమీ లేదు. టీచరమ్మ చేతిసంచిలో ట్రింగ్ ట్రింగ్ మని మోగింది. ఒకసారి, రెండుసార్లు. ఆమె దాన్ని ఆపలేదు, తీయలేదు. మూడోసారికి లేచి నిలబడింది.

"నాది సార్. బొట్టు వద్దన్నది నేనే. రాసుకోండి, సంతకం పెడతాను."

పెట్టింది, పిల్లల మార్కుల కింద పెట్టినంత శుభ్రంగా. నన్ను పంపించేశారు. షాపు షట్టరు ఆ రోజు నుంచి మూసే ఉంది. సంగతి తెలిసి స్కూల్లో ఆమెని పదో తరగతి నుంచి తీసి చిన్నపిల్లలకి వేశారు. పొద్దున ప్రార్థనలో ముందు నిలబడే మనిషి వెనక వరసలో నిలబడింది. ఆ తర్వాత ఊరి వాళ్లు ఎవరొచ్చినా అన్నం పెట్టాను, కాగితం ఇవ్వలేదు. అప్పలా ఉన్నదానివి ఇలా అయిపోయావేటి అన్నారు. ఇంక రాలేదు.

బాంబు ఫోను చేసినవాడు దొరికాడో లేదో మాకు ఎవరూ చెప్పలేదు. రెండో నల్ల కాగితం నంబరు కట్ చేయిస్తామన్నారు. ఆ బల్ల మీద చూసిన నంబరు, అంకెలు కదా, నాకు అవి వచ్చు. ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక నొక్కాను. మోగింది. పాట కొత్త సినిమాది. ఎవరో ఎత్తారు. మాట్లాడలేదు. వెనక ఎక్కడో బస్సు హారను. నేనూ మాట్లాడలేదు. ఒకే పేరు మీద ఇద్దరం, ఒకరి ఊపిరి ఒకరు వింటూ కాసేపు అలా ఉండిపోయాం. పెట్టేశాను.

మొన్నమొన్న మళ్లీ వరండాలో మా ఆయన పేపరు చదువుతున్నారు. పిట్టగోడ అవతల టీచరమ్మ ఉంది. ఇక దేశంలో అందరికీ తలా ఒక నంబరు ఇస్తారట. పది వేళ్ల ముద్రలు, కంటిపాప కూడా తీసి దాచుకుంటారట. దాంతో ఎవరి పేరు ఎవరూ వాడుకోలేరట.

"ఏటే, ఏమీ అనవు?" అన్నారు ఆయన.

టీచరమ్మ కూడా పెన్ను ఆపి నా వైపు చూసింది. నా చేతిలో దీపం ఉంది. చెయ్యి అడ్డం పెట్టుకుని తులసి దగ్గరికి నడిచాను. వేళ దాటాక కూడా ఏమీ అనలేదు.

విన్నారు కదా, ఇక లేవండి, మీ వాళ్లు ఎదురు చూస్తుంటారు. మీ గడప పచ్చగా ఉండాలి. మీ దీపం గాలికి వంగకుండా ఉండాలి. మీ ఇంటి పేరు పిలిచే గొంతులన్నీ మీ ముఖం ఎరిగినవే అయి ఉండాలి.